వ్యూస్ పడిపోతే వీడియో విప్పకండి, ముందు కరెంటు చూడండి

నరసరావుపేటలో మా బాబాయ్‌కి మోటారు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన కాయిల్ పీకడం, కొత్త తీగ చుట్టడం, వార్నిష్ పోయడం, ఇవన్నీ నేను ఫోన్‌లో తీసి యూట్యూబ్ షార్ట్స్‌లో పెడుతుంటాను. పోయిన ఏడాది, అంటే 2025 ఎండాకాలమంతా ఒక్కో వీడియోకి 15 వేలకి తగ్గకుండా వ్యూస్ వచ్చాయి. జూలైలో ఒకటి 800 దగ్గర ఆగిపోయింది. సరేలే అనుకున్నా. తర్వాతది 1,100. ఆ తర్వాతది 600.

ఇక మొదలైంది టెన్షన్. ఛానెల్‌ని తొక్కేశారని ఒకడన్నాడు, పొద్దున్నే ఆరింటికి పెట్టమని ఇంకొకడన్నాడు, హ్యాష్‌ట్యాగులు ఇరవై పెట్టి చూశా, తీసేసి చూశా, ఒక వీడియో డిలీట్ చేసి మళ్ళీ ఎక్కించా, అది 300 దగ్గర ఆగింది, మొదటిసారి వచ్చిన కామెంట్లు కూడా పోయాయి. డిలీట్ మాత్రం దయచేసి చేయకండి.

బాబాయ్ ఇదంతా చూసి, "మోటారు తిరగట్లేదని ఎవరన్నా తెస్తే వెంటనే విప్పేస్తానా? ఇంట్లో ముందు కరెంటు వస్తోందో లేదో చూశారా అని అడుగుతా గదరా" అన్నాడు. ఛానెల్ నడిపేవాళ్ళు తమ వీడియోల లెక్కలు చూసుకునే యూట్యూబ్ స్టూడియో అంటే ఆయనకి ఏంటో తెలీదు. అయినా నేను వారం రోజులు చేయని పని అదే.

స్టూడియోలో ఒక్కో షార్ట్ తెరిచి ఎనలిటిక్స్‌లోకి వెళితే రెండు సంగతులు విడివిడిగా కనిపిస్తాయి: ఫీడ్‌లో ఎన్నిసార్లు చూపించారు, చూపించినవాళ్ళలో నూటికి ఎంతమంది ఆగి చూశారు, ఎంతమంది పైకి తోసేశారు. మొదటిది కరెంటు, రెండోది మోటారు. ఆగేవాళ్ళు ఎప్పటిలాగే ఉండి చూపించడం మాత్రమే తగ్గితే వీడియోలో తప్పు వెతకడం దండగ. ఆగేవాళ్ళే తగ్గిపోతే తప్పు మన దగ్గరే ఉంది, ఎందుకంటే ముందు కొంతమందికి చూపించి వాళ్ళు తోసేస్తే యూట్యూబ్ ఇంకొంతమందికి ఎందుకు చూపిస్తుంది?

నావి మే నెల వీడియోల్లో నూటికి 70 పైనే ఆగి చూశారు. జూలైవి 48, 51. జూన్ ఆఖర్లో మా పెద్దమ్మ కొడుకు ఛానెల్‌కి లోగో చేసిచ్చాడు, గుండ్రంగా తిరుగుతూ మెరుపులతో వస్తుంది, బావుందని ప్రతి వీడియోకి ముందు తగిలించా, దాని మీద "నమస్కారం ఫ్రెండ్స్" అని నా గొంతు. మూడు సెకన్లే. కానీ ఏ సెకనుకి ఎంతమంది మిగిలారో చూపించే రిటెన్షన్ గ్రాఫ్ చూస్తే ఆ మూడు సెకన్లలోనే బావిలో పడ్డట్టు ఉంది. పాత వీడియోలు నల్లగా మాడిన కాయిల్ దగ్గర నేరుగా మొదలయ్యేవి. లోగో తీసేశా. పాపం వాడికి ఇంకా చెప్పలేదు.

అయినా పూర్తిగా కోలుకోలేదు. ఆగేవాళ్ళు మళ్ళీ 70కి దగ్గరయ్యారు, వ్యూస్ మాత్రం 5, 6 వేల దగ్గరే. ఇక్కడ ఇంకో విషయం తెలిసింది. 2025 మార్చి 31 నుంచి షార్ట్స్‌లో వ్యూ లెక్క మారింది, వీడియో మొదలైతే చాలు, మళ్ళీ తిరిగినా సరే, ఒక వ్యూ. కొన్ని సెకన్లయినా చూస్తేనే లెక్కపెట్టే పాత పద్ధతి లెక్క ఎంగేజ్డ్ వ్యూస్ అనే పేరుతో అడ్వాన్స్‌డ్ మోడ్‌లో విడిగా ఉంటుంది, డబ్బులూ, మానిటైజేషన్ అంటే ఛానెల్ మీద డబ్బు సంపాదించే అర్హతా దాని మీదే. ఏప్రిల్‌లో నా వ్యూస్ ఎగిరితే అది నా గొప్పే అనుకుని ఊరంతా చెప్పుకున్నా. కాకి వాలగానే తాటిపండు పడ్డట్టు! ఎంగేజ్డ్ వ్యూస్‌లో చూస్తే ఫిబ్రవరికీ ఏప్రిల్‌కీ పెద్ద తేడా లేదు. ఏడాది కిందటి వీడియోతో పోల్చుకోవాలంటే ఆ లెక్కే చూడండి.

మిగిలిన తగ్గుదలకి కారణం షాపులోనే కనిపించింది. వానలు పడ్డాయి, బోరు మోటార్లు రావడం తగ్గింది, బాబాయ్ మధ్యాహ్నం కునుకు తీసేవాడు. మోటారు కాలనివాడు మోటారు వీడియో ఎందుకు వెతుకుతాడు? చూసేవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే ట్రాఫిక్ సోర్సుల్లో చూస్తే, సెర్చ్ నుంచి వచ్చేవాళ్ళు మేలో ఉన్నదాంట్లో మూడో వంతు కూడా లేరప్పుడు. జనం ఏ మాట ఎప్పుడు ఎక్కువ వెతుకుతున్నారో చూపించే గూగుల్ ట్రెండ్స్‌లో వెబ్ సెర్చ్ బదులు యూట్యూబ్ సెర్చ్ అని మార్చుకుంటే మీ సబ్జెక్టుకి సీజన్ ఉందో లేదో కొంత అర్థమవుతుంది.

తగ్గడం వేరు, సున్నా వేరు. నిమిషం దాటిన షార్ట్‌కి సినిమా పాట పెట్టా, పాట మాదని హక్కుదారు తరఫున యూట్యూబ్ సిస్టమ్ పట్టేసే కంటెంట్ ఐడీ క్లెయిమ్ పడి మొత్తం బ్లాక్ అయింది, రెండు రోజులు అది కూడా వ్యూస్ సమస్యే అనుకుని కూర్చున్నా. స్టూడియోలో వీడియో పక్కనే రాసి ఉంది, చూడలేదంతే.

ఇప్పుడు సీలింగ్ ఫ్యాన్లు, మిక్సీ మోటార్లు తీస్తున్నాం, అవి ఏడాదంతా కాలుతూనే ఉంటాయి కాబట్టి. నిన్న ఒక మిక్సీ వచ్చింది. బాబాయ్ విప్పబోతూ ఆగి, నా వైపు చూసి, ముందు ప్లగ్ వైరు పట్టుకుని చూశాడు. వైరే తెగింది. వీడియో పోయింది.