పరమ శూన్యానికి గొడుగు తగిలించిన తరగతి

మన పాత విద్యార్థుల సమ్మేళన సంచిక కమిటీ వారు వాట్సాప్‌లో మూడుసార్లు గుర్తు చేసి, నాలుగోసారి పంపుసెట్టు అని మనం పిలిచే మిత్రుడి చేత ఫోను చేయించాక ఈ వ్యాసానికి కూర్చున్నాను. తక్కిన మిత్రులు పాఠశాల వార్షికోత్సవాల గురించీ, కబడ్డీ పోటీల గురించీ ఎలాగూ రాస్తారు కనుక ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల జోలికి నేను పోను. పదో తరగతిలో జరిగింది కూడా నాకు పరీక్షల తేదీలు తప్ప పెద్దగా గుర్తు లేదు. నాకు మిగిలినదల్లా తొమ్మిదో తరగతి గదిలో, నల్లబల్లకు ఎడమవైపు గోడలో దిగిన ఒక మేకు.

ఆ రోజు పంపుసెట్టు ఐసు ఫ్యాక్టరీ నుంచి ఊకలో పొర్లించి, గోనెసంచిలో చుట్టి సైకిలు మీద తెచ్చిన మంచుగడ్డ దారిలోనే సగం కరిగిపోయింది. మిగిలిన సగాన్ని మాస్టారు గిన్నెలో వేసి, ఒక చివర మూసిన సన్నని గాజుగొట్టాన్ని అందులో నిలబెట్టారు. గొట్టంలో పాదరసపు బొట్టు కింద చిక్కుకున్న గాలి పొడవు 12 సెంటీమీటర్లు ఉంది. తరువాత అదే గొట్టాన్ని మరుగుతున్న నీళ్లలో పెట్టి, కొలత చదవమని నన్ను పిలిచారు. నేను 16.3 అన్నాను. నా వెనక నుంచి గోలీసోడా 16.4 అన్నాడు. కొలిచినవాడి మాటే రాయాలని చెప్పి మాస్టారు 16.3 వేశారు.

నల్లబల్ల మీద ఒక సెంటీమీటరుకు ఒక డిగ్రీ చొప్పున గుర్తులు పెట్టి, ఆ రెండు బిందువులను కలిపి, గీతను ఎడమవైపుకు పొడిగించడం మొదలుపెట్టారు. బల్ల అయిపోయింది కానీ గీత ఆగలేదు. గోలీసోడాకు ఒక కొస అప్పగించి, సుద్ద పూసిన పురికొసను గోడ మీదికి లాగి, తాపీ మేస్త్రీలాగా మీటి వదిలారు. గాలి పొడవు సున్నాకు చేరే చోటు, మంచు కరిగే గుర్తుకు 279 సెంటీమీటర్ల ఎడమన, కిటికీ పక్కకు వచ్చింది. అక్కడ మేకు కొట్టి, ఇంతకంటే చల్లదనం ఈ సృష్టిలో లేదని, ఇదే పరమ శూన్యమని మాస్టారు ప్రకటించారు. వానాకాలం వచ్చేసరికి దానికి ఎవరి గొడుగులు వేలాడాయో నేను చెప్పనవసరం లేదు.

పుస్తకంలో 273 ఉంటే మన గోడ మీద 279 ఎందుకు వచ్చిందని ఆ సాయంత్రం అందరూ నా వంకే చూశారు. ఇంటికి వెళ్లి లెక్క కట్టాను. గోలీసోడా చెప్పిన 16.4 వేసుకుంటే సమాధానం 272.7 వస్తుంది, అసలు విలువ 273.15. ఒక్క మిల్లీమీటరు తప్పు చదివినందుకు సృష్టిలోని చలి అంచును నేను ఆరు డిగ్రీలు అవతలికి నెట్టాను. మర్నాడు ఈ సంగతి విన్నవించుకుంటే, మేకు పీకితే గోడ పెళ్లలూడుతుందని మాత్రమే మాస్టారు అన్నారు.

పరీక్షలో పరమ శూన్యమంటే గాలి బొత్తిగా లేని చోటని గోలీసోడా రాయడమూ, అతనికి పరమ శూన్యమే మార్కులుగా రావడమూ మీకు తెలిసినదే. వేడిని పరమ శూన్యం నుంచి లెక్కపెట్టే కెల్విన్ కొలతను డిగ్రీ కెల్విన్ అని రాసిన రెండో బెంచి నలుగురికీ తలా అర మార్కు ఎగిరిపోయింది. 1967లోనే అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ ఆ డిగ్రీని తీసివేసి, 273 కెల్విన్‌లు అనాలని తీర్మానించిందని మాస్టారు వాదన. అప్పట్లో అది మనకు కక్ష సాధింపుగా తోచింది కానీ, ఆ మాట వెనకనున్న విషయం పెద్దది. సెల్సియస్ సున్నా మంచు కరిగే చోట మనుషులు ఒప్పందంగా నిలిపిన గుర్తు. కెల్విన్ సున్నా ఎవరూ జరపలేనిది. అందుకే 20 డిగ్రీల నీళ్లకంటే 40 డిగ్రీల నీళ్లు రెట్టింపు వేడి కావు. కెల్విన్ లెక్కలో అది 293 నుంచి 313కు, అంటే నూటికి ఏడు పాళ్లు మాత్రమే ఎక్కువ.

ఇంటర్ తప్పి, ఐటీఐలో చేరి, ఆపై డిప్లొమా చదివి, చివరకు ఎం.ఆర్.ఐ. యంత్రాల మరమ్మతుల్లో స్థిరపడిన నాకు ఆ గోడే ఇప్పటికీ కొలబద్ద. యంత్రంలోని అయస్కాంతపు తీగ నయోబియం, టైటానియంల మిశ్రమం. దాన్ని 4.2 కెల్విన్‌ల వద్ద మరిగే ద్రవ హీలియంలో ముంచి ఉంచుతాం. ఆ చలిలో తీగకు నిరోధమే ఉండదు కనుక, ఒకసారి ఎక్కించిన కరెంటు బయటి సరఫరా లేకుండానే ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. గోడ మీద పరమ శూన్యపు సరైన చోటు నుంచి కొలిస్తే మాస్టారి మంచుగడ్డ రెండున్నర మీటర్లు దాటిన దూరంలో ఉంటుంది, ద్రవ నత్రజని 77 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, నా హీలియం నాలుగు సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. 1995లో కొలరాడోలో రుబీడియం వాయువును, కెల్విన్‌లో నూరు కోట్ల వంతు ఒక నానోకెల్విన్ అనుకుంటే, 170 నానోకెల్విన్‌లకు చల్లార్చి, బోస్, ఐన్‌స్టీన్‌లు ఊహించిన, అణువులన్నీ కలిసి ఒకే అణువులా మెలిగే స్థితిని చూపించారు. ఆ గుర్తును అసలు చోటు నుంచి వేరుచేసి గీయగల పెన్సిలు లేదు. అయినా వారు కూడా సున్నాను తాకలేదు, తాకడం ఎన్ని మెట్లు దిగినా సాధ్యపడదు. అక్కడ అణువులు కదలడం పూర్తిగా మానేస్తాయని మనం వల్లించిన మాట కూడా సరికాదు. కొంత కదలిక మిగిలే ఉంటుంది, అందువల్లనే మామూలు పీడనంలో హీలియం ఎంత చల్లబరచినా గడ్డకట్టదు.

గోలీసోడాకు ఒక శుభవార్త. ఆ హీలియం పాత్ర చుట్టూ, బయటి వేడి లోపలికి చేరకుండా కాపాడేది గాలి తీసివేసిన ఖాళీయే. పరమ శూన్యం పక్కన గాలి లేని శూన్యం లేకపోతే నా ఉద్యోగం ఒక్క రోజు కూడా నడవదు. అతనికి కనీసం అర మార్కు వెనక్కి రావాలి. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు లాగ్ పుస్తకంలో డిగ్రీ కెల్విన్ అని రాస్తే మాత్రం నేనే ఎర్ర సిరాతో కొట్టేస్తాను.

సమ్మేళనానికి ముందు ఆ గదికి రంగులు వేయిస్తున్నారని విన్నాను. కమిటీ వారికి నా మనవి ఒక్కటే: కిటికీ పక్క మేకును పీకించవద్దు. సరైన చోటు దానికి కుడివైపు ఆరు సెంటీమీటర్ల దగ్గర ఉంది, అక్కడ ఇంకో మేకు కొట్టించనవసరం కూడా లేదు. ఆ రోజు వాన పడితే నా గొడుగు పాత దానికే తగిలిస్తాను.