గరిటె తిప్పినా అడుగే!

కూకట్‌పల్లిలో మాదొక చిన్న కర్రీ పాయింట్. పొద్దున్నే స్టవ్ వెలిగిస్తే రాత్రి షట్టర్ దించేదాకా నిలబడే ఉంటాను. నాకు షుగర్ అని తేలగానే మా అమ్మాయి చేసిన మొదటి పని, చేతికి కట్టుకునే బ్యాండ్ ఒకటి కొనిపెట్టడం. "అమ్మా, రోజుకి పదివేల అడుగులు" అని టార్గెట్ కూడా తనే పెట్టేసింది. ఆ పదివేలు ఏ డాక్టరో తేల్చిన లెక్క కాదని తర్వాత చదివాను. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటరును ఆ పేరుతో అమ్మింది. అంకె అక్కడినుంచి ఊరూరా పాకింది.

నా బ్యాండ్‌కి ఆ అంకె చేరడం పెద్ద పనేం కాదు. కుడిచేతికి కట్టుకుని పెద్ద మూకుడులో వంకాయలు వేయిస్తుంటే, గరిటె తిప్పినప్పుడల్లా అడుగులు రాసేసుకుంటుంది. అందులో ఉండేది కదలికను పసిగట్టే చిన్న సెన్సర్, చెయ్యి ఊగిందా లేదా అన్నదే దాని గొడవ. అదే రెండు చేతులా సాంబారు గిన్నె పట్టుకుని వంటగది నుంచి కౌంటర్ దాకా నడిస్తే, ఆ అడుగులు చాలావరకు లెక్కలోకే రావు. ఎడమచేతికి మార్చాక కాస్త బుద్ధిగా ఉంది.

కేలరీల అంకెనైతే చూడనే చూడను. 2017లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఏడు రకాల బ్యాండ్లను పరీక్షించారు. గుండె వేగం చాలావాటిలో బాగానే వచ్చింది గానీ, కేలరీల దగ్గర అన్నిట్లోకీ మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పు చూపించింది. 'ఇంత కరిగిపోయింది కదా' అని ఆ లెక్క నమ్మి ఒక గులాబ్‌జామ్ నోట్లో వేసుకుంటే అంతే సంగతులు.

తిండి రాసుకునే యాప్‌తో ఇంకో తంటా. దొండకాయ వేపుడు అని కొడితే "ఒక కప్పు" అంటుంది. ఏ కప్పు? అందులో నూనె ఎంత పోశానో నాకు తెలుసు, యాప్‌కి తెలియదు. పైగా నా తిండి అంతా కంచంలో ఉండదు. ఉప్పు సరిపోయిందా అని అరచేతిలో ఒక చుక్క పప్పు, పులుపు చూడ్డానికి ఒక చుక్క పులుసు, ఉడికిందా లేదా అని ఒక బంగాళాదుంప ముక్క. కూరలన్నీ దిగేసరికి కడుపులో ఒక టిఫిన్ పడ్డట్టే. దీన్ని ఏ పేరుతో ఎంటర్ చెయ్యాలే అంటే, "రుచి అని రాయమ్మా" అంది మా అమ్మాయి. అలాగే రాస్తున్నాను.

ఇన్ని వంకలు పెట్టి మళ్లీ ఆ ఫోన్ ఎందుకంటే, చిట్టా కోసం. షాపులో అప్పుల పుస్తకం ఎలాగో నాకు ఈ యాప్ అలాగ. తనంతట తాను ఏదీ కొలవదు, నేను రాసినదాన్ని మర్చిపోదు. బ్యాండ్ అడుగులూ, వేలు పొడిచి చూసుకున్న నా షుగర్ రీడింగులూ ఒకే పేజీలో పక్కపక్కన పెడుతుంది. అలా పెట్టబట్టే ఒక సంగతి తెలిసింది. అదే పప్పు, అదే గరిటెడు అన్నం. తిని స్టూలు మీద కూర్చున్న రోజు రెండు గంటల తర్వాత 230 దరిదాపుల్లో ఉంటోంది. తిన్న వెంటనే పావుగంట నడిచిన రోజు 180కి అటూ ఇటూ. కదిలే కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ని లాక్కుంటుందని డాక్టరు గారు చెప్పారు. పొద్దంతా నిలబడి ఉంటున్నాను కదా, అదే వ్యాయామం అనుకునేవాళ్లు మా లైన్‌లో చాలామందే ఉన్నారు. నా పేజీ మాత్రం ఒప్పుకోవడం లేదు.

అలాగని ప్రతి రీడింగుకీ టెన్షన్ పడక్కర్లేదు. ఇంట్లో షుగర్ చూసుకునే ఈ గ్లూకోమీటర్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణమే, 100 దాటాక 15 శాతం అటూ ఇటూ అయినా ఒప్పుకుంటుంది. 180కీ 190కీ తేడా వెతుక్కోవడం దండగ. అంతకన్నా చేతులు చూసుకోవాలి. మొన్న వేసవిలో మా అత్తయ్యకి ఉన్నట్టుండి 310 వచ్చింది. ఇంట్లో అందరికీ కంగారు. చూస్తే అంతకుముందే ఆవిడ బంగినపల్లి పండ్లు ముక్కలు కోశారు. సబ్బుతో కడిగించి, తుడిచి, ఇంకో వేలు పొడిస్తే 170. పండు రసం వేలికి ఉంటే స్ట్రిప్ దాన్ని కూడా కలిపి చెబుతుంది.

ఒకసారి డాక్టరు గారు జబ్బకి అతికించే, షుగర్ చూసే పద్నాలుగు రోజుల సెన్సర్ పెట్టించారు. అది కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే నీటిని. అందుకని కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. ఒక అర్ధరాత్రి షుగర్ 58కి పడిపోయిందని ఫోన్ మోగింది. లేచి వేలు పొడిస్తే 112. ఆ జబ్బ మీదే ఒత్తిగిలి పడుకున్నాను, ఒత్తిడి పడితే అలా తక్కువ చూపిస్తుందట. ఖర్చు బాగానే అయింది గానీ, ఒక్కందుకు డబ్బులు వసూలయ్యాయి. రాత్రి అన్నం మానేసి చపాతీలు తింటే చాలని మనవాళ్లలో గట్టి నమ్మకం కదా, మూడు చపాతీలకి ఫోన్‌లో నా షుగర్ గీత గరిటెడు అన్నానికి లేచినంతా లేచింది.

సూది గుచ్చకుండా షుగర్ చెప్పే వాచీ అని ఈమధ్య ఒక కస్టమర్ లింకు చూపించారు, కొందామా అని. అలా సొంతంగా షుగర్ కొలిచే వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మొద్దని అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఆ డబ్బుకి స్ట్రిప్‌లు కొనుక్కోండి అన్నాను.

నాకు తేలనిది పరగడుపు రీడింగ్. ఎంత చేసినా 150 కిందికి దిగేది కాదు. యాప్‌లో పేజీలు తిప్పి చూసిన డాక్టరు గారు మందు జోలికి పోకుండా, "రాత్రి ఎన్నింటికి తింటారమ్మా?" అన్నారు. షట్టర్ దించి, గిన్నెలు కడిగించి తినేసరికి పదిన్నర దాటుతుంది మరి. ఇప్పుడు సాయంత్రం గిరాకీ అందుకోకముందే, ఆరున్నరకల్లా తినేసి సందు చివరి గుడి దాకా వెళ్లొస్తున్నాను. పరగడుపున 130 దగ్గరికి వచ్చింది. ఆ కాసేపూ కౌంటర్‌లో మా ఆయన ఉంటారు. పప్పుచారు అడిగినవాళ్లకి సాంబారు కట్టి పంపుతుంటారు, వెనక్కి తెచ్చినవాళ్లకి మార్చి ఇస్తున్నాం.