సూదుల రిజిస్టర్ పట్టించింది

మా యూనిట్ జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలికి ఉండేది. రేకుల షెడ్డు, నాలుగు లైన్లు, 128 మంది. వాళ్లలో 112 మంది ఆడవాళ్లే. సొంత బ్రాండంటూ ఏమీ లేదు. హైదరాబాద్‌లోని ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీ కత్తిరించిన బట్ట కట్టలు పంపేది. మేము చిన్నపిల్లల గౌన్లు కుట్టి, ఇస్త్రీ చేసి, డబ్బాల్లో పెట్టి తిప్పి పంపేవాళ్లం. నేను టైమ్ ఆఫీసులో ఉండేవాణ్ని. హాజరు, జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) నుంచి చాయ్ బిల్లు దాకా అన్నీ నా టేబుల్ మీదకే వచ్చేవి.

2019 అక్టోబర్ చివర్లో ఆ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. యూరప్ బయ్యర్ స్మెటా ఆడిట్ అడుగుతున్నాడు, నవంబర్‌లో అవ్వాలి, లేకపోతే జనవరి ఆర్డర్ మర్చిపోండి అని. స్మెటా అంటే లండన్ కేంద్రంగా పనిచేసే సెడెక్స్ సంస్థ పెట్టిన తనిఖీ పద్ధతి. కూలీల హక్కులు, ఆరోగ్య భద్రత, పర్యావరణం, వ్యాపార నిజాయితీ అని నాలుగు భాగాలుంటాయి. ముందు మనమే వాళ్ల సైట్‌లో పేరు రిజిస్టర్ చేసుకుని, పెద్ద ప్రశ్నాపత్రం నింపాలి. నాకు అది నింపడానికే నాలుగు రాత్రులు పట్టింది. అందరూ 'ఆడిట్ పాస్ కావాలె' అంటుంటారు గానీ స్మెటాలో పాస్, ఫెయిల్ ఉండవు. రిపోర్టు ఉంటుంది, అందులో తప్పుల జాబితా ఉంటుంది, దాన్ని బయ్యర్ చదువుతాడు. ఈ సంగతి నాకు అంతా అయ్యాకే తెలిసింది.

ప్రొడక్షన్ మేనేజర్ బట్టల ఫ్యాక్టరీలకు పేరున్న తిరుప్పూర్‌లో పదేళ్లు చేసి వచ్చినవాడు. ఆయనకు ఇవన్నీ కొట్టిన పిండి. "ఆడిట్ అంటే కాగితమే తమ్ముడూ. కాగితం సక్కగుంటే సాలు" అన్నాడు. నేనూ అదే నమ్మాను. ఇరవై రోజులు కాగితాలు చక్కబెట్టడమే పని.

చక్కబెట్టడమంటే ఏమిటో దాచకుండా చెప్తాను. షిప్‌మెంట్ నెలల్లో మా లైన్లు రాత్రి ఎనిమిదిన్నర దాకా నడిచేవి, ఆదివారాలు కూడా. ఆ గంటలకు జీతంతో సంబంధం లేకుండా గంటకు 40 రూపాయల లెక్కన కవర్లో పెట్టి ఇచ్చేవాళ్లం. అప్పుడు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948 ప్రకారం వారానికి 48 గంటలు దాటితే మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాల్సి ఉండేది. నెలకు 9,000 వచ్చే మనిషికి గంట మామూలు రేటు 43 రూపాయలు, రెట్టింపంటే 86 రూపాయల 50 పైసలు. పైగా మూడు నెలల్లో మొత్తం ఓటీ, అంటే ఓవర్‌టైమ్, మామూలుగా 50 గంటలు దాటకూడదని ఉండేది. మా దగ్గర ఒక్క సెప్టెంబర్‌లోనే కొందరికి 52 గంటలు అయ్యాయి. అందుకే రెండు పుస్తకాలు. ఒకటి చూపించేది, అందులో అందరూ ఐదున్నరకే ఇంటికి పోతారు. రెండోది నా సొరుగులో ఉండే నోట్‌బుక్, కవర్ల లెక్క కోసం అసలు గంటలు రాసుకునేది. హాజరు మార్చాను, గేటు రిజిస్టర్ మళ్లీ రాయించాను, జనరేటర్ డీజిల్ పుస్తకం కూడా సరిచేశాను. ఏదీ మర్చిపోలేదని లోలోపల గర్వపడ్డాను కూడా.

మిగతా హంగామా మామూలే. నేల మీద పసుపు గీతలు, మంటలార్పే సిలిండర్లకు కొత్త చీటీలు, ఫస్ట్ ఎయిడ్ డబ్బాల్లో టించర్. వయసు రుజువుల ఫైళ్లు సర్దుతుంటే ఒక వింత కనపడింది. మా యూనిట్‌లో 41 మంది జనవరి 1నే పుట్టారు. ఆధార్ తీసినప్పుడు తేదీ తెలియని వాళ్లందరికీ అదే పుట్టినరోజు. మన పల్లెల సంగతి తెలిసినవాళ్లు నవ్వుకుంటారు. ఆడిటర్ ఎలా తీసుకుంటాడో అని నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. చివరికి ఆయనా నవ్వాడు, బడి సర్టిఫికెట్లు ఉన్నవాళ్లవి జత చేయమన్నాడు, అంతే.

పిల్లల గది ఇంకో కథ. ముప్పై మంది కంటే ఎక్కువ ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో క్రెష్ ఉండాలని అదే ఫ్యాక్టరీల చట్టంలో అప్పుడు 48వ సెక్షన్ ఉండేది. మాకూ ఒక గది ఉంది, గోడ మీద కుందేలు బొమ్మ ఉంది, లోపల ఖాళీ అట్టపెట్టెలు ఉన్నాయి. పెట్టెలు తీయించి, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర రెండు పరుపులు కొన్నాం. అక్క పిల్లల బొమ్మలు నేనే సంచిలో వేసుకొచ్చాను.

మధ్యాహ్నం అన్నాల వేళ మేనేజర్ ఆడవాళ్లను గుంపులుగా కూర్చోబెట్టి చదివించేవాడు. ఎన్ని గంటలు? ఎనిమిది. ఓటీ? లేదు. ఆదివారం? సెలవు. ఒక ముసలి హెల్పర్ "ఎగ్జామా సారూ, ఫెయిలైతే ఏంజేస్తరు?" అని అడిగితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవంబర్ మూడో వారంలో ఇద్దరు ఆడిటర్లు వచ్చారు, ఒక సార్, ఒక మేడమ్. అప్పటికి ఆర్టీసీ సమ్మె మొదలై నెల దాటింది. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఆటోల్లో ఇరుక్కుని, కొందరు నడిచి వస్తున్నారు. ఆ రోజు కూడా పది మంది ఆలస్యంగా వచ్చారు. గేటు దగ్గర సూపర్‌వైజర్ అలవాటుగా వాళ్ల పేర్లు రాసుకుంటుంటే మేడమ్ ఆగి, ఎందుకు రాస్తున్నారని అడిగింది. పావుగంట దాటితే హాఫ్ డే కట్ అని ఆయన చెప్పేశాడు. లోపలికి అడుగు పెట్టకముందే మొదటి తప్పు జాబితాకెక్కింది. అప్పుడు అమల్లో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ప్రకారం ఎంతసేపు రాలేదో అంతసేపటికే కోయాల్సి ఉండేది. పావుగంటకు సగం రోజు కోయడం కుదరదు. అక్టోబరంతా అలా కోసింది నేనే.

షెడ్డు తిరుగుతూ సార్ నేరుగా వెనక తలుపు దగ్గరికి పోయాడు. గొలుసు, తాళం. సరుకు బయటికి పోతుందని మా యజమాని సేటు వేయించిన తాళం అది. తాళంచెవి పక్కనే గాజు పెట్టెలో ఉంది కదా అని మేనేజర్ చూపించాడు. సార్ ఏమీ అనలేదు, ఫోటో తీసుకున్నాడు. తర్వాత చాయ్ తాగేటప్పుడు మాత్రం కరాచీ సంగతి చెప్పాడు. 2012 సెప్టెంబర్ 11న అక్కడి అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీ కాలిపోయింది. 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఊచలు, తలుపులకు తాళాలు. అంతకు కొద్ది వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి, కార్మికుల పరిస్థితులు బాగున్నాయని చెప్పే ఎస్ఏ 8000 సర్టిఫికెట్ ఇచ్చారు. "మావాళ్ల పనే అది" అన్నాడు ఆయన, కప్పు కింద పెడుతూ. తనిఖీ చేసేవాళ్ల గురించి తనిఖీ చేసేవాడి నోట అలాంటి మాట వింటాననుకోలేదు.

తర్వాత రికార్డులు. పన్నెండు నెలల్లో మూడు అడిగాడు: పని ఎక్కువున్న సెప్టెంబర్, పని లేని ఏప్రిల్, చివరిదైన అక్టోబర్. నేను పేర్చుకున్న పుస్తకాలన్నీ ముందు పెట్టాను. ఆయన వాటిని పక్కకు జరిపి, సూదుల రిజిస్టర్ తెమ్మన్నాడు.

పిల్లల బట్టలు కుట్టే ఏ యూనిట్‌లోనైనా ఈ పుస్తకం ఉంటుంది. సూది విరిగితే విరిగిన ముక్కలన్నీ ఏరి, పేజీకి టేపుతో అంటించి, మెషిన్ నంబర్, తేదీ, టైమ్ రాసి, అప్పుడే కొత్త సూది ఇవ్వాలి. ఒక్క ముక్క దొరక్కపోయినా ఆ చుట్టుపక్కల గౌన్లన్నీ పక్కన పెట్టి మాగ్నెట్‌తో వెతకాలి. ఆ ముక్క పసిపిల్ల ఒంటికి గుచ్చుకుంటే ఇంకేముంది. అందుకే ఈ పుస్తకాన్ని మా వాళ్లు దేవుడి పటంలా చూసుకునేవాళ్లు, ఒక్క అబద్ధం రాయరు. ఆయన వేలు ఒక పేజీ మీద ఆగింది. సెప్టెంబర్ 15, రెండో లైన్, రాత్రి 7:40. కింద రెండు ముక్కల సూది, టేపు కింద తళతళా మెరుస్తూ.

"సెప్టెంబర్ 15 ఆదివారం కదా?" అన్నాడు.

నా హాజరు పుస్తకంలో ఆ రోజు గడులన్నీ ఖాళీ. నాకు చెమటలు పట్టాయి. మేనేజర్ తేదీ తప్పు పడి ఉంటుందన్నాడు. ఆయన పేజీ తిప్పాడు, ఇంకో సూది, అదే ఆదివారం, నాలుగో లైన్. ఇంకో పేజీ. ఆ మధ్యాహ్నం నా ఇరవై రోజుల పని పది నిమిషాల్లో మట్టి కొట్టుకుపోయింది.

రెండో రోజు ఇంటర్వ్యూలు. మొత్తం 26 మంది. ఆరుగురితో విడివిడిగా, మిగతా వాళ్లతో ఐదుగురేసి నాలుగు గుంపులుగా. ఎవరిని పిలవాలో వాళ్లే ఏరుకున్నారు, మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. మేడమ్ పిల్లల గదిలో ఆ కొత్త పరుపుల మీదే కూర్చుని మాట్లాడింది. పరుపుల ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదని అప్పుడు గమనించాను.

సాయంత్రం జీతాల మీద ఇంకో తప్పు బయటపడింది, ఇది పూర్తిగా నాది. 2019 జులై నుంచి ఈఎస్ఐలో కార్మికుల వాటా 1.75 శాతం నుంచి 0.75 శాతానికి తగ్గింది. చలానా ఆన్‌లైన్‌లో కొత్త రేటుతోనే పోతోంది. నా ఎక్సెల్ షీటులో మాత్రం పాత రేటే ఉంది. 68 రూపాయలు పట్టే చోట 158 పట్టుకున్నాను. మనిషికి నెలకు 90 చొప్పున నాలుగు నెలలు, 360. యూనిట్ మొత్తం మీద 46 వేలు, సేటు ఖాతాలోనే మిగిలిపోయాయి.

నాకు తెలియక జరిగిందంటే అబద్ధమవుతుంది. ఆగస్టులోనే ఓవర్‌లాక్ (బట్ట అంచులు కుట్టే మెషిన్) మీద కూర్చునే ఒక అక్క నా దగ్గరికొచ్చి అడిగింది. ఆమె భర్త పోలేపల్లిలో మందుల కంపెనీలో చేస్తాడు. "సార్, మా ఆయనకు ఈఎస్ఐ తక్కువ పట్టుకుంటుండ్రు. మాకెందుకు తగ్గలే?" అంది. "కంపెనీకో తీరు ఉంటదక్కా" అని పంపేశాను. చూడటానికి కూడా బద్ధకించాను. మా నాయన బొంబాయిలో బిల్డింగుల పని చేసినన్నాళ్లు మేస్త్రీ మస్టర్‌లో (హాజరు పట్టీలో) ఎన్ని రోజులు రాశాడో అడిగితే వచ్చే జవాబు కూడా ఇలాంటిదే. నేను టేబుల్‌కు అటువైపు చేరాను, అంతే తేడా.

మేడమ్‌తో ఈఎస్ఐ మాట చెప్పింది ఆ అక్కే. ఎవరు ఏం చెప్పారో ఆడిటర్లు బయటపెట్టరు. ఆమే తర్వాత నాతో చెప్పింది. మేనేజర్ వారం రోజులు 'ఎవరో కనుక్కో' అని నన్ను వేధించాడు. తెలియదన్నాను.

జాబితాలో 17 తప్పులు. కొన్నిటికి వెంటనే, కొన్నిటికి 30 రోజులు, కొన్నిటికి 90 రోజులు గడువు. తాళం ఆ సాయంత్రమే తీశారు. లెట్రిన్ల దగ్గర పెద్ద రభస అయింది. పాతిక మంది ఆడవాళ్లకు ఒకటి చొప్పున మాకు ఐదు ఉండాలి, మూడే ఉన్నాయి. మాకు పని ఇచ్చే ఎక్స్‌పోర్ట్ కంపెనీ మా పక్క ఊరి సర్కారు బడిలో సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద లెట్రిన్లు కట్టించి, గోడ మీద తన పేరు పెద్దగా రాయించుకుంది. "ఆ పైసల్లకెళ్లి మనకు రెండు కట్టియ్యమను" అని సేటు నాతో ఫోన్ చేయించాడు. అక్కడి కంప్లయన్స్ ఆఫీసర్ ఓపిగ్గానే చెప్పాడు. కంపెనీల చట్టం 2013, 135వ సెక్షన్ ప్రకారం ఐదు కోట్లు, ఆ పైన నికర లాభం వచ్చే కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. సొంత ఉద్యోగులకే పనికొచ్చే ఖర్చు అందులోకి రాదు. ఇక ఫ్యాక్టరీలో లెట్రిన్ కట్టడం ఆ ఫ్యాక్టరీ నడిపేవాడి బాధ్యత. "బడిలో కడితే దానం బాబూ, షెడ్డులో కడితే చట్టం" అన్నాడు. మరి గౌనుకు ఇచ్చే 38 రూపాయలు పెంచుతారా అని అడిగాను. ఆ మాటకు మాత్రం లైన్ కట్ అయినంత నిశ్శబ్దం. సేటు చేసినవన్నీ నేను సమర్థించను గానీ, ఈ ఒక్క చోట ఆయన కోపంలో న్యాయం ఉంది. అడిగే ప్రమాణాలు యూరప్‌వి, ఇచ్చే రేటు జడ్చర్లది.

డిసెంబర్‌లో ఈఎస్ఐ 360 అందరికీ తిరిగిచ్చాం. ఆలస్యం కోతలు వెనక్కి వేశాం. సెప్టెంబర్, అక్టోబర్ ఓటీకి తేడా కట్టాం, 52 గంటలు చేసినవాళ్లకు 2,418 రూపాయలు. ఓవర్‌లాక్ అక్క సంతకం పెట్టి, డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టుకుని, నా ముందే నిలబడింది.

"మిగతా నెలలయి?"

ఆడిటర్ చూసినవి ఆ మూడు నెలలే అక్కా అన్నాను. "ఆయన జూడకుంటే మేం జెయ్యనట్లేనా?" అంది.

సొరుగులో నోట్‌బుక్ ఉంది. కాల్చేయమని సేటు అప్పటికే రెండుసార్లు అన్నాడు. ఆ రాత్రి ఇంటికి తీసుకుపోయి, అంతకు ముందు డిసెంబర్ నుంచి ఆగస్టు దాకా అందరి గంటలూ లెక్క కట్టాను. ఆమెవి 120 గంటలు, రావాల్సింది 5,580. ఆ కాగితం చూసి సేటు మండిపడ్డాడు. ఫిబ్రవరిలో మళ్లీ చూడటానికి వస్తారు, మళ్లీ ఆడవాళ్లతోనే మాట్లాడతారు అని గుర్తు చేశాను. చివరికి మూడు కిస్తీలకు ఒప్పుకున్నాడు. జనవరి జీతంతో ఒకటి, ఫిబ్రవరి జీతంతో ఒకటి ఇచ్చాం. ఫిబ్రవరి తనిఖీలో ఐదు లెట్రిన్లు, తాళం లేని తలుపు, పిల్లల గదిలో నిజంగా ముగ్గురు పిల్లలు. మేడమ్ ఆ పరుపుల మీద కవరు తీసేశారని చూసి నవ్వింది.

మూడో కిస్తీ మార్చి జీతంతో ఇవ్వాలి. 2020 మార్చి 22న కరోనా వల్ల షట్టర్ వేశాం. ఆర్డర్లు రద్దయ్యాయి, యూనిట్ మళ్లీ తెరవలేదు. నోట్‌బుక్ మా ఇంట్లో అటక మీద ఉంది. ఓవర్‌లాక్ అక్క పేరు ఎదురుగా 1,860 అని రాసి, ఇంకా కొట్టేయలేదు.