వరంగల్ బోరునీళ్లు, మలావీ పసుపు చేపలు

వరంగల్, హనుమకొండల్లో అక్వేరియం పెట్టుకున్నవారు చాలామంది బోరునీటి కాఠిన్యాన్ని చూసి దిగులుపడతారు. బకెట్ అంచున తెల్లటి పొర కట్టే ఆ నీటిని, మృదుజలం కోరే డిస్కస్ చేపల కోసం ఆర్వో యంత్రంతో మార్చుకుంటూ పోవడం కంటే, ఆ నీటిలోనే హాయిగా బతికే చేపను తెచ్చుకోవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఎల్లో ల్యాబ్ అటువంటి చేప. మనవాళ్లు జిలేబీ అని పిలిచే తిలాపియాదీ, దీనిదీ ఒకే సిక్లిడ్ కుటుంబం.

లాబిడోక్రోమిస్ కెరూలియస్ అనే శాస్త్రీయ నామంతో 1956లో జీవశాస్త్రవేత్త ఫ్రయర్ వర్ణించిన ఈ జాతి, తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సులో రాళ్ల సందుల్లోని పురుగులను, చిన్న నత్తలను ఏరుకుని తింటుంది. అక్కడి నీరు క్షారగుణం కలది. పీహెచ్ 8కి అటూఇటూగా ఉంటుంది. బోరునీటిలో క్లోరిన్ బెడద లేకపోయినా ప్రాణవాయువు తక్కువగా ఉండవచ్చు కనుక, పట్టిన నీటిని ఒక రాత్రంతా ఎయిర్ పంపుతో ఆడించి మర్నాడు తొట్టిలో పోయాలి. ఎక్కువైతే చేపలకు హాని చేసే నైట్రేట్ అనే లవణం ఎంతుందో మాత్రం నీటి పరీక్ష కిట్‌తో ముందే చూసుకోవాలి, ఎందుకంటే అది ఒక్కో బోరుకు ఒక్కో రకంగా ఉంటుంది.

తొట్టి కనీసం 200 లీటర్లది కావాలి. హనుమకొండ చుట్టూ కావలసినంత దొరికే నల్లరాయిని శుభ్రంగా కడిగి గుహల్లా పేర్చవచ్చు. అయితే ఈ చేపలు ఇసుకను తవ్వుతాయి కాబట్టి, రాళ్లను ముందుగా అడుగున నిలకడగా అమర్చి, ఆ తరువాతే ఇసుక పోయాలి.

అసలు పరీక్ష మే నెలలో వస్తుంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. మూత తీసి, పైన వల పరిచి, నీటి మీదికి ఫ్యాను గాలి తగిలేలా చేస్తే వేడి కొంత దిగుతుంది. అలా ఆవిరైన నీటి స్థానంలో మళ్లీ బోరునీరే పోస్తే లవణాలు పేరుకుపోతాయి, ఆ లోటుకు ఆర్వో నీటిని వాడాలి. వారం వారం నాలుగో వంతు నీటిని మార్చేటప్పుడు మాత్రం బోరునీరే సరైనది. కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపును ఎండాకాలం మొదలుకాక ముందే కొనిపెట్టుకోవాలి.

గుడ్లను ఆడచేప నోటిలోనే పెట్టుకుని, పిల్లలు ఈదే దాకా సుమారు మూడు నాలుగు వారాలు దాదాపు ఏమీ తినకుండా కాపాడుతుంది. దవడ కింద ఉబ్బు కనిపించిన ఆడచేపను వలతో తరమకూడదు, బెదిరితే గుడ్లను ఉమ్మేస్తుంది.