స్టడ్డు సాగే 0.15 మిల్లీమీటర్లు

ఒకే ఫ్లాంజి జాయింటు ఒకే వానాకాలంలో మూడుసార్లు కారింది. ఫ్లాంజి అంటే పైపు చివర ఉండే మందపాటి ఉక్కు బిళ్ల, అలాంటి రెండింటిని ఎదురెదురుగా పెట్టి బిగిస్తే జాయింటు. చెన్నైకి ఉత్తరాన మణలి వైపు ఉన్న ఒక కర్మాగారంలో నేను మెకానికల్ మెయింటెనెన్స్ చూస్తున్న రోజులవి. అది థర్మిక్ ఫ్లూయిడ్ లైన్, అంటే 250 డిగ్రీల వేడి నూనె తిరిగే లైన్. పైపు నాలుగంగుళాలు, ఫ్లాంజి 300 క్లాసు (తట్టుకునే పీడనాన్ని బట్టి పెట్టిన తరగతి), దాన్ని బిగించేవి ముప్పావు అంగుళం స్టడ్లు ఎనిమిది. స్టడ్డు అంటే రెండు చివర్లా నట్లు వేసే, మరలు (థ్రెడ్లు) ఉన్న కడ్డీ. అక్టోబరులో మొదటిసారి ఇన్సులేషన్ సందులోంచి సన్నగా పొగ కనిపించింది. లైన్ ఆపి, చల్లారాక, స్పానర్‌కు మీటరు పొడవు పైపు తొడిగి గట్టిగా బిగించాం. నవంబరులో మళ్లీ కారింది, మళ్లీ అలాగే బిగించాం. డిసెంబరులో మూడోసారి కారినప్పుడు, శ్రీకాకుళం నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఫిట్టరు పని చేస్తున్న ఒక పెద్దాయన స్పానర్ కింద పెట్టేసి, "ఇది మన బలంతో ఆగీది కాదు బాబూ, ఇప్పి సూడాల" అన్నాడు.

థర్మిక్ ఫ్లూయిడ్ లీకును చిన్న విషయంగా తీసుకోవడానికి వీల్లేదు. ఆ నూనె రాతి ఉన్నిలాంటి ఇన్సులేషన్‌లోకి ఇంకితే, లోపల పీచు పీచుకూ పలచగా పరుచుకుని గాలితో కలిసి నెమ్మదిగా వేడెక్కుతుంది. మామూలుగా ఆ నూనె అంటుకునే వేడి కంటే చాలా తక్కువ వేడిలోనే, బయటి నుంచి ఏ నిప్పూ తగలకుండానే మండుతుంది. ఇలాంటి లైన్లలో ఫ్లాంజిల చుట్టూ ఇన్సులేషన్ చుట్టకుండా వదిలేయమని చెప్పడానికి కారణం ఇదే. మా జాయింటుకు మాత్రం ఎప్పుడో ఎవరో వేడి వృథా కాకూడదని చుట్టేశారు, నేను దాన్ని తీయించలేదు.

విప్పి చూశాక కనిపించిన వాటిని ఇప్పటికీ మరిచిపోలేదు. రెండు ఫ్లాంజిల మధ్య కారకుండా పెట్టేది స్పైరల్ వూండ్ గాస్కెట్, అంటే ఉక్కు పట్టీ, గ్రాఫైట్ కలిపి చుట్టిన రింగు. అది కొత్తగా ఉన్నప్పుడు దాదాపు 4.5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, సరిగ్గా నొక్కుకుంటే 3.2, 3.3 దగ్గరకు వస్తుంది. మా గాస్కెట్‌ను వెర్నియర్‌తో కొలిస్తే ఒక పక్క 3.3 ఉంది, దానికి ఎదురుపక్క 4.1 ఉంది. నల్లటి గ్రాఫైట్ మీద నూనె దారి చేసుకున్న గీత ఆ 4.1 వైపే ఉంది. తర్వాత పెద్దాయన స్టడ్లన్నిటినీ గోనెపట్టా మీద వరసగా పేర్చి, ఒక కొత్త నట్టు తీసుకుని ఒక్కో స్టడ్డు మీద వేళ్లతో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించాడు. ఆరింటి మీద, తుప్పు గరగరలాడినా, నట్టు చివరిదాకా వెళ్లింది. రెండింటి మీద మాత్రం సగం దూరంలో ఆగిపోయింది. ఆ రెండూ తుప్పు పట్టినవి కావు, స్టోర్స్ నుంచి ఆ ఏడాదే తెచ్చిన కొత్త స్టడ్లు, వాటి మరల మీద నూనె ఇంకా మెరుస్తూనే ఉంది. స్టడ్డు తిరిగి రాలేనంతగా సాగిపోతే మరల మధ్య దూరం పెరుగుతుంది, అప్పుడు నట్టు ఆ చోట పట్టేస్తుంది. గాస్కెట్ నలిగిన 3.3 వైపు ఉన్నవి ఆ రెండే.

ఎనిమిది స్టడ్లనూ ఒకే మనిషి, ఒకే పైపుతో, ఒకేలా బిగించాడు. అయినా రెండు సాగిపోయి, ఆరు బిగుసుకోలేదు. ఇది ఎందుకు జరిగిందో అర్థమైతే ఫ్లాంజి లీకుల సంగతి చాలావరకు అర్థమైనట్లే కాబట్టి, ఇక్కడ కొంచెం లెక్క చెప్పక తప్పదు.

బిగించిన స్టడ్డు ఒక స్ప్రింగు. నట్టు తిప్పినప్పుడు స్టడ్డు కొద్దిగా సాగుతుంది, సాగింది కాబట్టి వెనక్కి రావాలని లాగుతుంది, ఆ లాగుడే రెండు ఫ్లాంజిల మధ్య గాస్కెట్‌ను నొక్కి ఉంచుతుంది. మామూలుగా వాడే బి7 రకం స్టడ్డుకు చాలా చోట్ల 345 మెగాపాస్కల్స్ ఒత్తిడిని లక్ష్యంగా పెట్టుకుంటారు. ముప్పావు అంగుళం స్టడ్డుకు అది సుమారు 67 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 6.8 టన్నుల లాగుడు. ఎనిమిదింటికీ కలిపి 54 టన్నులు. లోపలి నూనె పీడనం 10 బార్ అనుకున్నా, అది ఫ్లాంజిలను విడదీయడానికి తోసే బలం ఒకటిన్నర టన్ను దాటదు. అలాంటప్పుడు 54 టన్నులు ఎందుకంటే, ఫ్లాంజి ముఖం మీద ఉన్న సన్నటి గాళ్లలోకి గ్రాఫైట్ పూర్తిగా కూరుకుపోవడానికి, చుట్టూ ఎక్కడా నూనెకు దారి దొరకకుండా ఉండడానికి. పీడనం ఫ్లాంజిని తోసి తెరవడం వల్ల లీకు వస్తుందని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో, గాస్కెట్ ఏదో ఒక చోట చాలినంతగా నొక్కుకోకపోవడం వల్లే ఎక్కువగా వస్తుంది.

ఇప్పుడు ఆ 6.8 టన్నుల కోసం స్టడ్డు ఎంత సాగాలో చూద్దాం. మా జాయింటులో రెండు నట్ల మధ్య పని చేసే స్టడ్డు పొడవు సుమారు 85 మిల్లీమీటర్లు. ఆ పొడవుకు కావలసిన సాగుదల 0.15 మిల్లీమీటర్లు. మనం రోజూ వాడే ఏ4 కాగితం మందం 0.1 మిల్లీమీటరు ఉంటుంది, అంటే కాగితమున్నర. జాయింటును పట్టి ఉంచే ఆస్తి అంతా అంతే. దానిలోంచి ఏది ఎంత తిన్నా బిగింపు ఆ మేరకు పోతుంది. నట్టు కూర్చునే చోట రెండు పూతల పెయింటు ఉంటే, వేడికి అది మెత్తబడి నలిగి పక్కకు జరుగుతుంది. రెండు వైపులా కలిపి 0.1 మిల్లీమీటరు పోయినా, మూడింట రెండొంతుల బిగింపు ఎవరూ నట్టు ముట్టుకోకుండానే మాయమవుతుంది. అందుకే నట్టు కూర్చునే వెనక ముఖాన్ని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గోకమని నేను పట్టుబడతాను. పెయింటు పాడైందని పెయింటింగు వాళ్లు గొడవ చేస్తారు, చేయనివ్వండి.

ఇక ఆ ఎనిమిది స్టడ్ల సంగతి. నట్టు తిప్పడానికి పెట్టిన శ్రమలో సుమారు సగం నట్టు అడుగు రాపిడికి పోతుంది, నూటికి మరో నలభై వంతులు మరల రాపిడికి పోతాయి, స్టడ్డును సాగదీయడానికి మిగిలేది నూటికి పది వంతులే. అంటే టార్క్ రెంచ్ (తిప్పే బలం అనుకున్నంతకు చేరగానే టక్కుమనే స్పానర్) టక్కుమన్నప్పుడు అది చెప్పేది ముఖ్యంగా రాపిడి గురించే. మంచి గ్రీజు పూసిన ముప్పావు అంగుళం స్టడ్డుకు 200 న్యూటన్ మీటర్లు పెడితే ఆ 67 కిలోన్యూటన్లు వస్తాయి. తుప్పు పట్టి పొడిబారిన మర మీద అదే 200 పెడితే లాగుడు 35 కిలోన్యూటన్ల దగ్గరే ఆగిపోవచ్చు. రెంచ్ రెండింటికీ ఒకేలా టక్కుమంటుంది. మా ఆరు పాత స్టడ్లు ఎన్నూరు సముద్రపు గాలికి ఆరుబయట రాక్ మీద పడి ఉండి తుప్పెక్కినవి, కాబట్టి పైపు బలమంతా రాపిడికే తిన్నాయి. కొత్త రెండింటి మీద నూనె ఉంది. అరవై కిలోల మనిషి మీటరు పైపు చివర బరువంతా వేస్తే దాదాపు 590 న్యూటన్ మీటర్లు అవుతుంది, గ్రీజు ఉన్న స్టడ్డు 470 దగ్గరే తన హద్దు దాటి సాగిపోతుంది. మేం గట్టిగా బిగించిన ప్రతిసారీ ఆ రెండింటినీ ఇంకొంచెం పాడు చేస్తూ, ఫ్లాంజిని ఆ వైపుకే వాల్చుతూ వచ్చాం. ఆ పనికి అనుమతినిచ్చిన పర్మిట్ మీద సంతకం నాది.

అందుకని స్పానర్‌కు పైపు తొడగడాన్ని నేను ఇప్పుడు ఏ కారణంతోనూ ఒప్పుకోను. పాత స్టడ్లు, కొత్త స్టడ్లు ఒకే జాయింటులో కలపడాన్ని అంతకంటే ఒప్పుకోను. మార్చాల్సి వస్తే ఎనిమిదీ మార్చాలి, ఎనిమిదింటికీ ఒకే డబ్బాలోని గ్రీజు పూయాలి, మరలకే కాదు, నట్టు ఫ్లాంజిని తాకే ముఖానికి కూడా పూయాలి. ఆ ముఖం దగ్గరే సగం శ్రమ పోతుందని చెప్పాను గదా, కానీ గ్రీజు పూసేవాళ్లు పదిమందిలో తొమ్మిదిమంది దాన్నే వదిలేస్తారు. గాస్కెట్ మీద మాత్రం చుక్క గ్రీజు కూడా పడకూడదు. అతుక్కుని నిలబడుతుందని కొందరు పూస్తారు, వేడికి ఆ గ్రీజు కరిగి పోయిన చోట ఖాళీ మిగులుతుంది.

బిగించే వరస గురించి అందరికీ తెలుసు, పాటించేది కొందరే. ఒక స్టడ్డును పూర్తిగా బిగించి పక్కదానికి వెళితే, రెండోది గాస్కెట్‌ను ఇంకొంచెం నొక్కుతుంది, దాంతో మొదటి స్టడ్డు సాగుదలలో కొంత జారిపోతుంది. ఒకటి బిగిస్తే పక్కది వదులవుతుంది కాబట్టే ఒక్క విడతలో పని అవ్వదు. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం 2000లో మొదట ప్రచురించిన పి.సి.సి-1 మార్గదర్శకంలోని పాత పద్ధతినే నేను వాడుతున్నాను. స్టడ్లకు గడియారపు ముల్లు దిశలో సుద్దముక్కతో 1 నుంచి 8 అంకెలు వేసి, 1, 5, 3, 7, ఆ తర్వాత 2, 6, 4, 8 వరసలో ఎదురెదురుగా బిగించాలి. మొదటి విడత లక్ష్యంలో 20 నుంచి 30 శాతం, అంటే మాకు 50 న్యూటన్ మీటర్లు. రెండో విడత 50 నుంచి 70 శాతం, మేం 120 పెడతాం. మూడో విడత పూర్తి 200. ప్రతి విడత చివర ఫ్లాంజిల మధ్య సందును చుట్టూ కొలవాలి. ఆ కొలత తేడా చూపిస్తే ముందుకు వెళ్లకుండా అక్కడే సరిచేయాలి, ఎందుకంటే పూర్తి బిగింపు తర్వాత సరిచేయడానికి ఏమీ మిగలదు. నాలుగో విడతలో ఎదురెదురు వరస వదిలి, గడియారపు ముల్లులా ఒకదాని పక్కన ఒకటిగా, అదే 200తో, ఒక్క నట్టు కూడా కదలని దాకా తిరుగుతూ ఉండాలి. రెండు చుట్లు పట్టవచ్చు, నాలుగు పట్టవచ్చు. ఆ తర్వాత కనీసం నాలుగు గంటలు ఆగి, మరో చుట్టు. గాస్కెట్ మొదటి కొద్ది గంటల్లోనే ఎక్కువగా కుదించుకుపోతుంది, ఆ నష్టాన్ని పూడ్చడానికే ఈ చివరి చుట్టు.

ఫ్లాంజిలు ఎదురెదురుగా సరిగ్గా కూర్చోకపోతే పైన చెప్పిన ఏదీ పనికిరాదు. చైన్ బ్లాకుతో పైపును లాగి స్టడ్డు దూర్చితే, ఆ స్టడ్డు బలంలో కొంత పైపును వంచి పట్టుకోవడానికే పోతుంది. ముఖాల సమాంతరంలో 0.8 మిల్లీమీటర్లు, మధ్యరేఖల్లో 1.5 మిల్లీమీటర్లు దాటితే నేను వెల్డరును పిలుస్తాను. ఫ్లాంజి ముఖం మీద గుండ్రంగా ఉన్న గీతకు భయపడనక్కర్లేదు గానీ, లోపలి అంచు నుంచి బయటి అంచుకు అడ్డంగా వెళ్లిన గీత గోటికి తగిలినా వదలకూడదు.

ఒక విషయంలో నాకు రాజీ లేదు. వేడిగా, పీడనంతో నడుస్తున్న లైన్ కారుతుంటే అక్కడికక్కడే బిగించి ఆపమని అడిగేవాళ్లు ప్రతి ప్లాంటులోనూ ఉంటారు. ఏ స్టడ్డు ఇప్పటికే సాగిపోయిందో బయటి నుంచి తెలియదు. దాని మీదే స్పానర్ పడి అది తెగితే, 250 డిగ్రీల నూనెకు ఎదురుగా నిలబడి ఉన్నది ఫిట్టరు. వాళ్లలో చాలామంది తిరువొత్తియూరు, ఎర్ణావూరు ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ ఇంటికి డబ్బు పంపే మన విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్లు. లైన్ ఆపితే పోయేది ఒక షిఫ్టు ఉత్పత్తి మాత్రమే.

ఆ డిసెంబరులో ఎనిమిది కొత్త స్టడ్లు, కొత్త గాస్కెట్ పెట్టి ఆ జాయింటును మళ్లీ కట్టాం. మధ్యాహ్నం మూడున్నరకు నాలుగో విడత అయిపోయింది. ఇంటికి వెళ్లాల్సిన వేళైనా పెద్దాయన వెళ్లలేదు, పక్కనే ఒక డ్రమ్ము మీద కూర్చున్నాడు. ఏడున్నరకు మళ్లీ రెంచ్ పెడితే 3, 4, 7 అంకెల నట్లు గోరు మందమంత కదిలాయి, మిగతా ఐదూ కదలలేదు. ఇంకో చుట్టులో ఏదీ కదలలేదు. ఆ జాయింటు మీద ఇన్సులేషన్ మళ్లీ చుట్టకుండా, వాన నీరు వేడి ఫ్లాంజి మీద పడి ఒక పక్కే చల్లబడకుండా, కొంచెం ఎడంగా రేకు గొడుగు కట్టించాం. నేను ఆ ప్లాంటు వదిలేదాకా అది మళ్లీ కారలేదు.

ఇప్పుడున్న చోట నాకు మిగిలిన తగాదా ఆ నాలుగు గంటల గురించే. కాంట్రాక్టరుకు జాయింటుకు ఇంత అని ధర కడతారు, నట్టు బిగియగానే లెక్క ముగుస్తుంది. మళ్లీ వచ్చి చుట్టు తిరగడానికి ఎవరూ కూలి ఇవ్వరు కాబట్టి ఎవరూ రారు. ఆ చివరి చుట్టును టెండరులో విడి పనిగా, విడి ధరతో రాయమని మూడేళ్లుగా అడుగుతున్నాను. మరమ్మతులకు ప్లాంటు ఆపే ఈ షట్‌డౌన్‌కు థర్మిక్ ఫ్లూయిడ్ లైన్ల వరకు ఒప్పుకున్నారు. ఆవిరి లైన్లకు ఇంకా ఒప్పుకోలేదు, ఆ కాగితం నా టేబుల్ మీదే ఉంది.