ఆ పిల్ల ద్రాక్షపళ్ళు ఎందుకు తింది?

మా పెద్దమ్మాయికి పదహారేళ్ళు. ఈ ఏడాది స్కూల్లో సినిమా క్లాసు తీసుకుంది. ఒకరోజు ఓ కాగితం తెచ్చి సంతకం పెట్టమంది. వాళ్ళు చూడబోయే సినిమాకి ఆర్ రేటింగ్ ఉంది కాబట్టి ఇంట్లో ఒప్పుకోవాలట. సినిమా పేరు 'పాన్స్ లాబిరింత్'. గియెర్మో డెల్ టోరో 2006లో స్పానిష్‌లో తీశాడు. ముందు నేను చూస్తాను, తర్వాతే సంతకం అన్నాను. మూతి ముడుచుకుంది. చివరికి శుక్రవారం రాత్రి సోఫాలో ముగ్గురం కూర్చున్నాం: అది, నేను, ఆరు నెలలకని గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ. రక్తం చూడలేవు, వెళ్ళి పడుకోమ్మా అని నాలుగుసార్లు చెప్పాను. వినలేదు.

కథ 1944 నాటి స్పెయిన్‌లో జరుగుతుంది. అంతర్యుద్ధం ముగిసి ఐదేళ్ళవుతున్నా కొండల్లో ఇంకా కొందరు నియంత ఫ్రాంకో మీద పోరాడుతున్నారు. వాళ్ళని ఏరిపారెయ్యడానికి వచ్చిన కెప్టెన్ విదాల్‌ని ఒఫీలియా అనే పిల్ల తల్లి రెండో పెళ్ళి చేసుకుంటుంది. కూతుర్ని వెంటబెట్టుకుని అతని దగ్గరికి వస్తుంది. అక్కడ మేక కాళ్ళూ కొమ్ములూ ఉన్న ఫాన్ అనే వింతజీవి ఆ పిల్లకి మూడు పనులు అప్పగిస్తాడు. మా అమ్మాయి వ్యాసం రాయాల్సింది రెండో పని మీద.

గోడ మీద సుద్దతో తలుపు గీస్తే అది తెరుచుకుంటుంది. లోపల పొడుగాటి ఎర్రటి నడవా, చివర విందు బల్ల. బల్ల చివర పాలిపోయిన మనిషిలాంటిది ఒకటి కూర్చుని ఉంటుంది, ఒంటి మీద చర్మం మడతలు పడి వేలాడుతూ. ముఖంలో కళ్ళు లేవు. రెండు కనుగుడ్లూ ఎదురుగా పళ్ళెంలో ఉంటాయి. అక్కడ ఏమీ తినొద్దు, తాగొద్దు అని ఫాన్ ముందే గట్టిగా చెప్పాడు. అయినా ఆ పిల్ల రెండు ద్రాక్షపళ్ళు నోట్లో వేసుకుంటుంది. ఆ వింతరూపం లేస్తుంది. కనుగుడ్లు తీసి అరచేతుల్లో పెట్టుకుని, ఆ చేతులు ముఖం దగ్గర విప్పి చూస్తుంది.

"వీడెవడే, కబంధుడిలా ఉన్నాడు!" అంది అమ్మ.

మా అమ్మాయి వెంటనే ఆపేసింది. కబంధుడెవరో దానికి తెలియదు. తల ఉండదు, కడుపులో నోరు, రొమ్ము మీద ఒకే కన్ను, ఆమడ దూరం చేతులు చాచి దొరికినవన్నీ లాక్కుని తింటాడు అని అమ్మ చెప్పింది. ఇంద్రుడు వజ్రాయుధంతో కొడితే తల మొండెంలోకి దిగిపోయిందట. రామలక్ష్మణులు చేతులు నరికి, దహనం చేశాక శాపం తీరి, సుగ్రీవుడి దగ్గరికి వెళ్ళమని దారి చెప్పాడు. "మరి వీడికి శాపం ఎవరిచ్చారు?" అని అమ్మే అడిగింది. సినిమాలో ఎవరూ ఇవ్వలేదు. మా అమ్మాయి దాన్ని నోట్సులో రాసుకుంది.

ఆ సీనులో మాటలు దాదాపు లేవు. సబ్‌టైటిల్స్ చదవలేని అమ్మకి మా ఇద్దరికన్నా ఎక్కువ కనిపించడానికి అదే కారణమనుకుంటాను. పక్కన కుప్పగా పోసిన పిల్లల చెప్పులు మొదట చూసింది ఆవిడే. "లోపల ఇంకా చాలామంది పిల్లలున్నట్టున్నారే" అంది. మా ఇంట్లో ఏ పూజకో నలుగురూ వస్తే గుమ్మం దగ్గర అలాగే పోగవుతాయి మరి. తర్వాత కెమెరా పైకి వెళ్ళి, ఆ రాక్షసుడు పిల్లల్ని పొడిచి తింటున్న బొమ్మలు చూపించింది. అమ్మ ఇంక మాట్లాడలేదు. 1944, యూరప్, చెప్పుల కుప్ప. అది నాజీలు యూదుల్ని చంపిన శిబిరాల్ని గుర్తు చేస్తుంది. వాటి గురించి మా అమ్మాయి స్కూల్లో చదువుకుంది కాబట్టి, అమ్మమ్మకి మెల్లగా చెప్పింది. ఒఫీలియా వెంట వచ్చిన బుల్లి దేవకన్యల తలలు రాక్షసుడు కొరికేచోట స్పెయిన్ చిత్రకారుడు గోయా వేసిన చిత్రం, రోమన్ దేవుడు శాటర్న్ కన్నకొడుకునే తింటున్నది, చూపించింది. అరచేతుల్లో కళ్ళుండే చోటు శిలువ మీద ఏసు గాయాల చోటేనని కూడా అదే చెప్పింది.

నాకు వేరే విషయం పట్టుకుంది. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు విందంతా ఊదేస్తుంటే మనం నవ్వుతాం. ఆకలున్నవాడు తింటాడు, అంతే. ఈ రాక్షసుడు మాత్రం అంత భోజనం ముందు పెట్టుకుని ఒక్క మెతుకు ముట్టడు. ఈ మాట పైకి అంటే మా అమ్మాయి రిమోట్ తీసుకుని కెప్టెన్ ఇచ్చిన విందు దగ్గరికి వెనక్కి తిప్పింది. అదే పొడవు బల్ల, ఒక చివర ఆయన. ఊరివాళ్ళకి రేషన్ తగ్గిస్తున్నామని అక్కడే కబుర్లు చెప్పుకుంటారు, పక్కన పాదిరీ కూడా ఉంటాడు. కెప్టెన్ లోకం నీలం, బూడిద రంగుల్లో ఉంటుంది. రాక్షసుడి గది ఎరుపు, బంగారు రంగుల్లో ఉంటుంది. రంగులు మారాయి గానీ బల్ల అదే.

ఇంత అయ్యాక కూడా నేను ఊరుకోలేదు. "తినొద్దని అంత చెప్పాక ఎందుకు తినాలి? పెద్దవాళ్ళ మాట వింటే ఏం పోయింది?" అన్నాను.

"అమ్మా, నువ్వు కెప్టెన్‌లా మాట్లాడుతున్నావు."

చివుక్కుమంది. ఆలోచించకుండా, చెప్పారు కదా అని చెప్పినట్టల్లా చెయ్యడం మీలాంటివాళ్ళకే చేతనవుతుందని కెప్టెన్‌తో డాక్టరు అనే సీను ముందుందట. సినిమా అంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుందని అది వాదించింది. ఫాన్ కూడా పెద్దవాడే కదా, అతని మాట వినకపోవడం వల్ల ఇద్దరు దేవకన్యల ప్రాణాలు పోలేదా అని నేను వాదించాను. నిజం చెప్పాలంటే అప్పటికి మేం ద్రాక్షపళ్ళ సంగతి వదిలేసి, పోయిన నెల అది చెప్పకుండా స్నేహితురాలి ఇంట్లో పడుకున్న రాత్రి గురించి మాట్లాడుకుంటున్నాం.

"ముందు వాళ్ళమ్మని అనండి" అంది మా అమ్మ. "గౌను పాడుచేసుకుందని పిల్లకి రాత్రి అన్నం పెట్టలేదు. పస్తు పడుకోబెట్టి, పళ్ళు ముట్టుకోవద్దంటే ఎలా?"

ఇద్దరం ఆగిపోయాం. నిజమే. మొదటి పనిలో కొత్త గౌను బురదలో పడి పాడైనందుకు భోజనం లేకుండా పడుకోమంటుంది తల్లి. ఆ సీను నాకు అసలు గుర్తే లేదు. మా అమ్మాయి మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసి, రేషన్ మాటలున్న విందూ, అన్నం లేని రాత్రీ, ముట్టకూడని బల్లా, మూడూ ఒక గీత గీసి కలిపింది.

అమ్మ పెరుగన్నం కలుపుతానని వంటింట్లోకి వెళ్ళింది. నేను కాగితం మీద సంతకం పెట్టాను. మా అమ్మాయి లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా, అమ్మమ్మ చెప్పిందని ఫుట్‌నోట్‌లో ఎలా రాయాలి అని అడిగింది.