ఇరవై ఐదో వంతు ఇంజిన్

"ఇదేంటి, తోటకి నీళ్లు పెట్టే పైపా?"

మా షాపు బ్రేక్ రూమ్‌లో నా బొమ్మ కారుని చేతిలోకి తీసుకుని ఆ పెద్దాయన అన్న మొదటి మాట అది. అసలు డ్రాగ్ రేసు కారులో ఇరవై ఐదో వంతు సైజు బొమ్మ అది. రెండు వారాల పాటు రాత్రుళ్లు కూర్చుని చేశాను దాన్ని. పాత నెట్‌వర్క్ కేబుల్ చీల్చి, లోపలి రంగు తీగలు తీసి, ఇంజిన్‌కి ప్లగ్ వైర్లుగా, అంటే స్పార్క్ ప్లగ్గులకి కరెంటు తీసుకెళ్లే తీగలుగా అతికించాను. భలే కుదిరాయని నాకు నేనే మురిసిపోయాను. ఆయన జేబులోంచి డిజిటల్ కాలిపర్ తీసి, నా కోసం బటన్ నొక్కి మిల్లీమీటర్లలోకి మార్చి, తీగ మందం కొలిచారు. 0.9. "ఇరవై ఐదుతో గుణించు" అన్నారు. 22.5 మిల్లీమీటర్లు. అసలు కారులో ప్లగ్ వైరు మందం 7 మిల్లీమీటర్లు.

వెయ్యో వంతు అంగుళాల తేడాలు పట్టుకోవడమే నా ఉద్యోగం. దానికే నాకు జీతం ఇస్తున్నారు. సిగ్గేసింది.

లాస్ ఏంజిలెస్‌కి తూర్పున, పొమోనా దగ్గర్లో ఉంటుంది మా మెషిన్ షాపు. పంపులకీ విమానాలకీ విడిభాగాలు చేస్తారు. నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. మధ్యాహ్నం మూడున్నర నుంచి అర్ధరాత్రి దాకా రెండో షిఫ్టు. వేడికి లోహం సాగుతుంది కాబట్టి ఇన్‌స్పెక్షన్ గదిని ఎప్పుడూ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంచుతారు. బయట ఎండ మండిపోతున్నా నేను స్వెట్టర్ వేసుకుని కూర్చుంటాను. అమెరికా అనగానే సాఫ్ట్‌వేరేగా అనుకునే బంధువులకి నా పని చెప్పడం కష్టం. మా నాన్న ఒక్కడికే చెప్పక్కర్లేదు. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ మెకానిక్. షిఫ్టు అయ్యాక ఫోన్ చేస్తే అక్కడ మధ్యాహ్నం భోజనాల వేళ. "ఇవాళ ఏం కొలిచావురా?" అని అడుగుతాడు.

షాపులో ఒక మూల నేల మీద పసుపు గీత ఉంది. దాని అవతల రక్షణ శాఖకి సంబంధించిన పనులు జరుగుతాయి. ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల హెచ్1బీ మీద ఉన్న నాలాంటి వాళ్లు ఆ డ్రాయింగులు చూడకూడదు. అలాంటి పార్టు ఏదైనా ఇన్‌స్పెక్షన్‌కి వస్తే నన్ను కాసేపు బయటికి వెళ్లమంటారు. మర్యాదగానే అంటారు, ఆ మాట చెప్పాలి. అయినా మొదట్లో గుచ్చుకునేది. ఆ కాసేపు బ్రేక్ రూమ్‌లో కాఫీ కప్పు పట్టుకుని కూర్చోవడం అలవాటైంది. ఆ పెద్దాయన అక్కడే పరిచయమయ్యారు. డెబ్భై దాటిన మెషినిస్టు, రిటైరయ్యాక కూడా వారానికి మూడు రోజులు వస్తారు. పేరు పెట్టి పిలవమంటారు గానీ నా నోటికి రాదు. 'సర్' అంటే ఆయనకి చిరాకు. అందుకని అసలు ఏమీ పిలవకుండానే మాట్లాడుతుంటాను.

ఆయన కుర్రతనమంతా లయన్స్ డ్రాగ్‌స్ట్రిప్‌లో గడిచింది. లాంగ్ బీచ్ పక్కన విల్మింగ్టన్‌లో 1955లో మొదలై 1972 డిసెంబర్‌లో మూతపడిన ట్రాక్ అది. పావు మైలు దూరం, అంటే 1,320 అడుగులు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, దీపం వెలగగానే దూసుకుపోతాయి. అంతే ఆట. సముద్రం పక్కనే కావడంతో అక్కడి గాలి చల్లగా, చిక్కగా ఉండేదనీ, ఇంజిన్లకి అది అమృతమనీ చెబుతారు. ఒక టీమ్‌లో టైర్లు తుడిచే పిల్లాడిగా చేరి, తర్వాత క్లచ్ ప్లేట్లు మార్చేదాకా వచ్చారట.

నా బొమ్మ కారు కిట్ పొమోనా స్వాప్ మీట్‌లో, అంటే పాత సామాను సంతలో, 15 డాలర్లకి కొన్నది. మూత చిరిగిన పెట్టె, 1/25 స్కేలు, 'స్లింగ్‌షాట్' రకం డ్రాగ్‌స్టర్. స్లింగ్‌షాట్ అంటే ఉండేలు. ఇంజిన్ ముందుంటుంది, డ్రైవరు వెనక యాక్సిల్‌కి కూడా వెనక కూర్చుంటాడు. ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకి పంచే డిఫరెన్షియల్ అతని కాళ్ల మధ్య ఉంటుంది. ముందు భాగమంతా సన్నటి ట్యూబులు, సైకిల్ చక్రాల్లాంటి రెండు చక్రాలు. ముందు బ్రేకులుండవు. వెనక చక్రాలకి బ్రేకు, దానికి తోడు ఒక పారాచూట్.

"ఏ సంవత్సరం కారు ఇది?" అని అడిగారు ఆయన. పెట్టె మీద రాయలేదన్నాను. "పెట్టెని కాదు, నిన్ను అడుగుతున్నా. ఏ సంవత్సరం కారు చేస్తున్నావు?"

ఈ ప్రశ్న విలువ తెలియడానికి నాకు నెల పట్టింది. ఆ కిట్‌లో రెండు రకాల ఎగ్జాస్టు పైపులున్నాయి. కిందికి వంగి నేల వైపు ఊదేవి ఒక రకం, వాటిని వీడ్ బర్నర్లు అంటారు. గడ్డి తగలబెట్టేవని అర్థం. రెండోవి పైకి లేచి వెనక్కి వంగినవి, జూమీలు. 1960ల మధ్యకి జూమీలు వచ్చాయి. వాటి పొగ వెనక టైర్ల పైనుంచి పోతూ టైరు పొగని చెదరగొడుతుంది, డ్రైవరుకి ముందు దారి కనబడుతుంది. నేను అందంగా ఉన్నాయని జూమీలు పెట్టి, టైర్లూ చక్రాలూ మాత్రం పాతకాలం కారువి తగిలించాను. "1960 కారుకి 1966 పైపులు. పెళ్లికొడుక్కి తాతగారి చెప్పులు వేసినట్టుంది" అనిపించేలా ఒక సామెత చెప్పారు ఇంగ్లీషులో, దాని సారం ఇదే. సరే, 1966 అని తేల్చుకున్నాను.

ఇంజిన్ క్రైస్లర్ 392 హెమీ. 1957, 58 మోడల్ కార్లలో వచ్చిన 392 ఘనపు అంగుళాల వి8, అంటే సుమారు 6.4 లీటర్లు. నేను చేసిన అసలు తప్పు ఇక్కడుంది. ప్లగ్ వైర్లని ఎగ్జాస్టు పైపుల పక్కన, హెడ్డుకి కింది వైపున గుచ్చాను. చిన్న బ్లాకు షెవర్లే ఇంజిన్‌కి అలాగే ఉంటాయి. హెమీలో దహన గది సగం గోళం ఆకారంలో, రెండు పక్కలా వాల్వులతో ఉంటుంది. ప్లగ్గు దాని నడినెత్తిన కూర్చుంటుంది. అంచేత వైరు వాల్వ్ కవర్ మధ్యలో ఉన్న గొట్టాల్లోంచి లోపలికి దిగాలి. ఆ నాలుగు చిన్న గుంటలు కిట్ కవర్ మీద కనబడుతూనే ఉన్నాయి. బోల్టు తలలనుకుని వాటి మీద వెండి రంగు వేశాను!

రెండోసారి పాత ఛార్జర్ విప్పి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలోంచి 0.3 మిల్లీమీటర్ల వైండింగ్ తీగ తీశాను. గుణిస్తే ఏడున్నర. ముందు రంగు వేసి తర్వాత వంచితే పెచ్చులూడింది, కాబట్టి వంచాకే రంగు. ప్లగ్గులకి కరెంటు పుట్టించే మాగ్నెటో ఇంజిన్ వెనక నిలబడి ఉంటుంది. దాని టోపీ మీద 0.35 మిల్లీమీటర్ల డ్రిల్లుతో ఎనిమిది రంధ్రాలు వేసి, సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే 1-8-4-3-6-5-7-2 వరుసలో వైర్లు పంపాను. బేసి అంకెలు ఎడమ కవర్‌కి, సరి అంకెలు కుడి కవర్‌కి. ఎవరూ లెక్కపెట్టి చూడరు. పెద్దాయన చూశారు. వేలితో ఒక్కొక్క తీగనీ వెంబడించి, ఏమీ అనకుండా కాఫీ తాగారు. మా షాపులో పార్టు పాసైందని చెప్పడం కూడా అంతే.

ఇంజిన్ నెత్తి మీద ఉండి లోపలికి గాలి ఊదే బ్లోయర్ గురించి నాన్నకి చెప్పినప్పుడు ఆయన నమ్మలేదు. దాని పేరు 6-71. జీఎంసీ డీజిల్ ఇంజిన్‌ది. ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 ఘనపు అంగుళాలు, అదే పేరు.

"లారీ ఇంజిన్ మీదది పీకి రేసు కారుకి పెట్టారా?"

"లారీలు, బస్సులు, యుద్ధంలో పడవలు కూడా. పాత సామాను కొట్లలో దొరికేవట."

"మరి మన లారీలకి లేదే?"

"అది టూ స్ట్రోక్ డీజిల్, నాన్నా. దానంతట అది గాలి పీల్చుకోలేదు. బయటినుంచి ఊదాలి."

కాసేపు నిశ్శబ్దం. అన్నం కలుపుతున్న చప్పుడు. "అయితే ఫోర్ స్ట్రోక్‌కి పెడితే గాలి కుక్కి కుక్కి పెడుతుందన్నమాట. భలే బుర్ర" అన్నాడు. ఎవర్ని మెచ్చుకున్నాడో గానీ ఆయన నోట 'భలే' రావడం అరుదు. వెంటనే "బ్యాటరీ ఎక్కడ పెట్టారు?" అన్నాడు.

బ్యాటరీ లేదు. స్టార్టర్ లేదు, డైనమో లేదు, రేడియేటర్ కూడా లేదు. మాగ్నెటో తన కరెంటు తనే పుట్టించుకుంటుంది. కొన్ని సెకన్ల పరుగుకి రేడియేటర్ మోయడం దండగ. స్టార్ట్ చేయాలంటే వెనకనుంచి ఇంకో బండితో తోయాలి. అందుకే కారు వెనక తోయడానికి ఒక కడ్డీ ఉంటుంది. నా కిట్‌లో అది లేదు, నేనే గుండుసూదితో చేసి పెట్టాను. సంగతి చెప్పగానే నాన్న పడీ పడీ నవ్వాడు. బ్యాటరీ పడుకున్న లారీల్ని ఆటోనగర్‌లో ఎన్నిసార్లు తోయించాడో ఆయనకే తెలుసు.

తోసి స్టార్ట్ చేయడం నా కళ్లతో చూశాను. బేకర్స్‌ఫీల్డ్‌కి ఉత్తరాన ఫమోసో ట్రాక్‌లో పాత డ్రాగ్‌స్టర్లన్నిటినీ వరసగా తోసి స్టార్ట్ చేసి నిలబెట్టే వేడుక ఒకటి జరుగుతుంది, క్యాకిల్‌ఫెస్ట్ అంటారు. పెద్దాయన తీసుకెళ్లారు. చీకటి పడే వేళ ఒక పికప్ ట్రక్కు ఎరుపు రంగు స్లింగ్‌షాట్‌ని నెట్టుకుంటూ మా ముందుకొచ్చింది. ఇంజిన్ తిరుగుతోంది, అంటుకోవడం లేదు. ముందు ఆయిల్ ప్రెషర్ రావాలి, అప్పటిదాకా మాగ్నెటో ఆఫ్‌లోనే ఉంచుతారు. తర్వాత స్విచ్ వేశాడు. ఒక దగ్గు, తెల్లటి పొగ, ఇంకో దగ్గు, ఆ తర్వాత నా పక్కటెముకలు అదిరాయి. పైపుల చివర్ల మంటలు నాలుకలు చాపాయి. కళ్లు మండి నీళ్లు కారాయి. మిరపకాయల కళ్లంలో నిలబడినట్టుంది. అది ఈ కార్లలో పోసే ఇంధనం నైట్రోమీథేన్ ఘాటు.

పెట్రోల్ ఒక పాలు మండాలంటే బరువులో 14.7 పాళ్లు గాలి కావాలి. నైట్రోమీథేన్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కనుక దానికి 1.7 పాళ్లు చాలు. అంటే అదే గాలికి ఎన్నో రెట్లు ఇంధనం పోయొచ్చు. ఇంటికి రాగానే బొమ్మ మీద ఇంధనం పైపులు పీకేశాను. మామూలు కారు పైపులంత సన్నగా పెట్టాను వాటిని. ముందున్న ట్యాంకు నుంచి పంపుకీ, పంపు నుంచి పైన ఇంజెక్టర్‌కీ లావుపాటివి వేశాను. డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ సంస్థ 1957 నుంచి 1963 దాకా తన పోటీల్లో ఈ ఇంధనాన్ని నిషేధించింది. నేను 1966 కారు ఎంచుకోవడం మంచిదే అయింది.

వస్తూ వస్తూ దారిలో పెద్దాయన పేరున్న డ్రాగ్ రేసు డ్రైవరు డాన్ గార్లిట్స్ సంగతి చెప్పారు. 1970 మార్చి 8న లయన్స్‌లోనే ఆయన కారు గేర్‌బాక్స్ పేలి కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. కారు రెండు ముక్కలైంది. ఇంజిన్‌ని డ్రైవరు వెనక్కి పెట్టిన కొత్త కారుతో మరుసటి ఏడాది పొమోనాలో గెలిచాడు. ఆ తర్వాత స్లింగ్‌షాట్ల కాలం చెల్లిపోయింది. "నేను క్లచ్ బిగించిన ప్రతిసారీ డ్రైవరు కాళ్లు ఎక్కడుంటాయో చూసేవాణ్ణి" అన్నారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

బొమ్మ పూర్తయ్యాక పెద్దాయన చేతికిచ్చాను. అన్నీ చూసి, "వెళ్లి పని చూసుకో" అన్నారు. పాసన్నమాట. ఆ రాత్రే వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. కెమెరా దగ్గరికి పెట్టమన్నాడు. ఇంకా దగ్గరికి. ఇంజెక్టర్ మీద ఆపమన్నాడు.

"ఒరేయ్, ఆ పైన మూతలు తెరిచే రాడ్డుందే, యాక్సిలరేటర్‌ది, దానికి స్ప్రింగ్ ఏది?"

"ఏ స్ప్రింగ్?"

"వెనక్కి లాగేది. అది లేకపోతే కాలు తీసినా మూసుకోదురా. వాడు పోతాడు."

మర్నాడు పెద్దాయనకి చెప్పాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు. ఫోన్‌లో తన పాత నలుపు తెలుపు ఫోటో ఒకటి తీసి, పెద్దది చేసి, నా వైపు తిప్పారు. "మీ నాన్నకి చెప్పు. ఒకటి తెగితే ఇంకోటి ఉండాలని మేం రెండు పెట్టేవాళ్లం."

ఆదివారం పొద్దున్న 0.1 మిల్లీమీటర్ల తీగని సన్న సూదికి చుట్టి ఒకటి చేశాను. రెండోది చుడుతుంటే చేయి జారి ఎటో ఎగిరిపోయింది. ఇంకా వెతుకుతున్నాను.